మద్రాసు పెద్దాయన, రొట్టెలు కాల్చిన బామ్మలు, ఒక గొరిల్లా

(యూరోవిజన్ పాటల పోటీ గురించి ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

మైకు వస్తోందా? వెనకవాళ్లకి వినిపిస్తోందా? సరే. ప్రొజెక్టర్ ఇంకా మొరాయిస్తోందట. అది దారికొచ్చేలోపు నేను మాట్లాడేస్తాను, వీడియోలు చివర్లో చూద్దాం.

ముందు ఒక పొడుపు ప్రశ్న. మద్రాసులో పుట్టినాయన ఒకరు, లక్నోలో పుట్టినాయన ఒకరు, ఇద్దరూ బ్రిటన్ తరఫున యూరప్ అంతా చూసే యూరోవిజన్ పాటల పోటీలో పాడారు. ఒకాయన ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాడు. ఇంకొకాయన కింది నుంచి రెండో స్థానంలో వచ్చాడు. ఎవరు వాళ్లు? ముందు వరుసలో మాస్టారు నవ్వుతున్నారు, ఆయనకి తెలిసినట్టుంది. చెప్పకండి మాస్టారూ, నేను వచ్చిన పనే అది.

లక్నో ఆయన క్లిఫ్ రిచర్డ్. 1940లో అక్కడ పుట్టాడు, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది వాళ్ల కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. 1968లో పోటీ లండన్‌లోనే, రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరిగింది. సొంత ఊరు, సొంత జనం, అందరూ ఈయనే గెలుస్తాడనుకున్నారు. స్పెయిన్‌కి 29, ఈయనకి 28. స్పెయిన్ పాట ఏమిటంటారా? పేరే 'లా లా లా'. పాటలో లా అనే అక్షరం వందసార్లకు పైగా వస్తుంది. అసలు దాన్ని పాడాల్సినవాడు వేరే గాయకుడు. నేను మా కాటలాన్ భాషలో పాడతాను అన్నాడు. అప్పుడు స్పెయిన్‌ని ఏలుతున్నది నియంత ఫ్రాంకో, ఒప్పుకోలేదు, ఆయన్ని తీసేసి మాసియెల్ అనే అమ్మాయిని పంపారు. ఆవిడ గెలిచి వచ్చింది. ఫ్రాంకో మనుషులు ఓట్లు కొన్నారని నలభై ఏళ్ల తర్వాత ఒక డాక్యుమెంటరీలో ఆరోపణ వచ్చింది గానీ అది రుజువు కాలేదు.

మద్రాసు ఆయన సంగతి కాసేపట్లో చెబుతాను. అసలు ఈ పోటీ నా కంట పడిందే ఆయన వల్ల.

2012 మే నెల. అప్పుడు నేను స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను. ఒక పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. ఆవిణ్ని ఆంటీ అనబోతే పేరుపెట్టి పిలవమనేది, డెబ్బై ఏళ్లావిణ్ని పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు వచ్చేది కాదు, అందుకని ఏడాదిపాటు ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఒక శనివారం రాత్రి తలుపు కొట్టి, కిందికి రా, ఈరోజు ఎవరూ ఒంటరిగా కూర్చోరు అంది. వెళ్తే టీవీ ముందు ఆవిడ చెల్లెలు, పక్కింటివాళ్లు, పిల్లలు, చిప్స్ గిన్నెలు. అందరి చేతుల్లో కాగితం, పెన్సిలు. తొమ్మిది అవుతోంది, బయట ఇంకా వెలుతురుగానే ఉంది. నా చేతికీ ఒక కాగితం ఇచ్చారు. 26 దేశాల పేర్లు, ఎదురుగా మార్కులు వేయడానికి గళ్లు. పెళ్లిలో వంటలకి మార్కులు వేయడం తప్ప నాకు వేరే అనుభవం లేదు.

మొదటి పాటకే తెర మీద ఒక ముసలాయన. నల్లకోటు, చక్కగా దువ్విన జుట్టు, గొంతులో కాస్త వణుకు. వయసు 76. ఇంటావిడ నా భుజం తట్టి, ఈయన మీ దేశంలో పుట్టినవాడే అంది. నేను నమ్మలేదు. ఫోన్‌లో వెతికితే నిజమే, ఎంగెల్‌బర్ట్ హంపర్డింక్, అసలు పేరు ఆర్నాల్డ్ డోర్సీ, పుట్టింది 1936లో మద్రాసులో. తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఉండేవాడు. 1967లో ఈయన పాడిన ఒక పాట బ్రిటన్‌లో బీటిల్స్ రికార్డుని మొదటి స్థానానికి రాకుండా అడ్డుకుంది, అంతటి గాయకుడు. అలాంటి మనిషికి ఆ రాత్రి వచ్చిన పాయింట్లు 12. అన్ని దేశాలూ కలిపి 12! ఇరవై అయిదో స్థానం. నేను ఒక్కణ్ని మాత్రం కాగితం మీద పదికి తొమ్మిది వేశాను, మద్రాసు అభిమానం.

అదే రాత్రి, ఆయన పాడిన కాసేపటికి, ఆరుగురు బామ్మలు వచ్చారు. రష్యాలో ఉద్‌మూర్తియా ప్రాంతం, బురానొవో అనే చిన్న పల్లె. తలకి రుమాళ్లు, ఎర్ర గౌన్లు, కాళ్లకి నారచెప్పులు. స్టేజీ మీద నిజంగా పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాలుస్తూ పాడారు. పాడింది రష్యన్‌లో కాదు, వాళ్ల ఉద్‌మూర్త్ భాషలో, పల్లవిలో మాత్రం రెండు ఇంగ్లీషు ముక్కలు. నేను ఇదేదో కామెడీ అనుకుని నవ్వాను. ఇంటావిడ నవ్వలేదు. వాళ్ల ఊళ్లో చర్చిని సోవియట్ కాలంలో పడగొట్టారట, దాన్ని మళ్లీ కట్టించడానికి వీళ్లు ఊరూరా పాడి డబ్బు పోగుచేస్తున్నారని చెప్పింది. స్టేజీ మీద ఆరుగురి కంటే ఎక్కువమంది ఉండకూడదని రూలు కాబట్టి మిగతా బామ్మలు ఆగిపోయారు. మన ఊళ్లలో రామాలయం కోసం భజన బృందం తిరిగినట్టు, తిరిగి తిరిగి, ఆ ఏడు పోటీ జరిగిన అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఫైనల్ దాకా వచ్చారు, అంతే తేడా. వాళ్లకి 259 పాయింట్లు, రెండో స్థానం. ఎంతో పేరున్న హంపర్డింక్‌కి 12, ఎవరికీ తెలియని బామ్మలకి 259. ఈ లెక్క ఏమిటా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ప్రతి మే నెలలో ఇదే పిచ్చి.

ఇంతకీ గెలిచిందెవరంటే స్వీడన్, లోరీన్ అనే అమ్మాయి. 372 పాయింట్లు. మా వీధిలో ఆ రాత్రి కార్లు హారన్లు కొట్టుకుంటూ తిరిగాయి, మనం వరల్డ్ కప్ గెలిచినప్పటిలాగే.

ఇప్పుడు అసలు ఇదేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. 1956లో స్విట్జర్లాండ్‌లో లుగానో అనే ఊళ్లో మొదలైంది. యుద్ధం ముగిసి పదకొండేళ్లు. యూరప్ ప్రసార సంస్థలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. టీవీ అప్పుడే కొత్త. ఒకే కార్యక్రమాన్ని ఒకేసారి పలు దేశాల్లో ప్రత్యక్షంగా చూపించగలమా అన్నది వాళ్ల ప్రయోగం. దానికి ఇటలీలో అప్పటికే జరుగుతున్న శాన్‌రెమో పాటల పండుగని నమూనాగా పెట్టుకున్నారు. ఏడు దేశాలు, తలా రెండు పాటలు. గెలిచింది ఆతిథ్యం ఇచ్చిన స్విట్జర్లాండే. ఓట్లు రహస్యం, ఎవరికి ఎన్ని వచ్చాయో ఎప్పటికీ బయటపెట్టలేదు. అనుమానించేవాళ్లు అనుమానించుకోవచ్చు.

రూళ్లలో మనకి కావలసినవి మూడే. పాట మూడు నిమిషాలు దాటకూడదు. అసలు గాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే, వాయిద్యాలు మాత్రం రికార్డింగే, గిటారు వాయిస్తున్నట్టు కనిపిస్తారంతే. మూడోది ముఖ్యమైంది, సొంత దేశానికి ఓటు వేసుకోకూడదు.

ఈ మూడో రూలు గురించి కాసేపు ఆలోచించండి. 2010లో శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ ఫైనల్‌కి వెళ్లినప్పుడు మనం ఏం చేశాం? ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లోంచీ ఎస్సెమ్మెస్‌లు కొట్టాం. మనవాడు కదా. అదే తెలుగువాళ్లు శ్రీరామచంద్రకి ఓటెయ్యడానికి వీల్లేదు, తమిళులు, పంజాబీలు, అస్సామీయులు వేస్తేనే లెక్క అని రూలు పెట్టి ఉంటే? అప్పుడు మనవాడు ఏం పాడాలి, ఎలా పాడాలి? తన భాష రానివాడిని, తన పేరు విననివాడిని, అప్పటికే ఇరవై పాటలు విని సోఫాలో కునికిపాట్లు పడుతున్నవాడిని మూడు నిమిషాల్లో లేపి కూర్చోబెట్టాలి. 2025లో దీన్ని 16 కోట్లకు పైగా జనం చూశారు. అందులో నీ పాట మాటలు అర్థమయ్యేవాళ్లు ఎందరు? అందుకే అక్కడ పొయ్యిలు, మాస్కులు, గొరిల్లాలు. జనం వాటిని పిచ్చి వేషాలంటారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు గెంతుతూ వచ్చేది దేనికి? దూరంగా కూర్చున్నవాడికి కూడా కనబడాలని.

ఇరుగుపొరుగు దేశాలు ఒకరికొకరు వేసుకోవడం అక్కడా ఉంది లెండి. గ్రీస్, సైప్రస్ ఒకదానికొకటి 12 ఇచ్చుకుంటాయని అందరికీ తెలుసు, ఆ మాట రాగానే హాలంతా గోల చేస్తుంది. ఒక దేశం తరఫున ఇచ్చే పెద్ద మార్కు 12, తర్వాత 10, అక్కణ్నుంచి 8, 7 అలా ఒకటి దాకా. 1975 నుంచి ఇదే పద్ధతి. అంతకుముందు చాలా పద్ధతులు మార్చారు, ఒకసారి పరువు కూడా పోయింది. 1969లో మాడ్రిడ్‌లో నాలుగు దేశాలకి సమానంగా 18 పాయింట్లు వచ్చాయి. సమానంగా వస్తే ఏం చేయాలో రూలు పుస్తకంలో లేదు! నలుగురినీ విజేతలుగా ప్రకటించేశారు. మరుసటి ఏడాది కొన్ని దేశాలు ఇదేం పోటీ అని అలిగి రాలేదు.

ఇక విజేతలంటే ఎవరైనా ముందు చెప్పే పేరు ఆబ్బా, స్వీడన్ పాప్ బృందం. 1974, ఇంగ్లండ్‌లో బ్రైటన్. గోథెన్‌బర్గ్‌లో నా గది ఇంటావిడకి ఆ రాత్రి ప్రతి నిమిషం గుర్తు. వెండి బూట్లు, మెరిసే బట్టలు, పాట వాటర్లూ యుద్ధం మీద, అంటే యుద్ధం మీద కాదు, ప్రేమలో నెపోలియన్‌లా లొంగిపోయాను అని. ఆర్కెస్ట్రా నడిపే ఆయన నెపోలియన్ వేషం వేసుకుని వచ్చి నిలబడ్డాడు. అప్పట్లో ఆర్కెస్ట్రా కండక్టర్ అంటే మన కచేరీల్లో మృదంగ విద్వాంసుడంత మర్యాదస్తుడు, అలాంటివాడు వేషం కట్టాడంటే చూడండి. దాన్ని ఇవాళ ఎవరూ పిచ్చి వేషం అనరు, గెలిచారు కాబట్టి. ఇంకో తమాషా, ఆ రాత్రి వాళ్లకి బ్రిటన్ ఇచ్చింది గుండు సున్నా. తర్వాత అదే బ్రిటన్ ఆ పాటని నెత్తిన పెట్టుకుంది.

కానీ 1974 అనగానే నాకు గుర్తొచ్చేది ఆబ్బా కాదు. ఆ రాత్రి పోర్చుగల్ తరఫున పాలో ద కార్వాల్యో అనే ఆయన ఒక విరహ గీతం పాడాడు. మూడు పాయింట్లు. ఆఖరి స్థానం, అది కూడా ఇంకో మూడు దేశాలతో కలిసి. పాట అక్కడితో అయిపోయిందనుకుంటాం కదా. సరిగ్గా పద్దెనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 24 రాత్రి పదకొండుకి అయిదు నిమిషాలు తక్కువ, లిస్బన్ రేడియోలో ఆ పాట వేశారు. విన్నవాళ్లకి అది మామూలు పాట. సైనికాధికారులకి మాత్రం సంకేతం, సిద్ధంగా ఉండండి అని. తిరుగుబాటు పాటేదైనా వేస్తే ప్రభుత్వానికి అనుమానం వస్తుంది, యూరోవిజన్‌లో ఓడిపోయిన ప్రేమ పాటని ఎవరు అనుమానిస్తారు? అర్ధరాత్రి దాటాక రెండో సంకేతంగా ఇంకో పాట వచ్చింది. తెల్లారేసరికి ట్యాంకులు వీధుల్లో ఉన్నాయి, సాయంత్రానికి దాదాపు యాభై ఏళ్ల నియంతృత్వం కూలిపోయింది. తుపాకీ గొట్టాల్లో జనం ఎర్ర పూలు పెట్టారు, అందుకే దాన్ని కార్నేషన్ విప్లవం అంటారు. ఆబ్బా ఆ రాత్రి కప్పు పట్టుకెళ్లింది, ఈ పాట ఏకంగా ప్రభుత్వాన్నే మార్చింది.

ఓడినవాళ్ల మీద నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. 1958లో ఇటలీ పాట మూడో స్థానంలో వచ్చింది. అది 'వొలారే' అని లోకమంతా పాడుకునే పాట, అమెరికాలో గ్రామీ కూడా కొట్టింది. ఆ ఏడాది మొదటి స్థానం కొట్టిన పాట ఏదని అడిగితే యూరప్‌లోనే తలగోక్కుంటారు. 1978లో పారిస్‌లో నార్వే తరఫున యాన్ టైగెన్ అనే ఆయన ప్యాంటుకి కట్టుకున్న పట్టీలని లాగి వదులుతూ, ఎగురుతూ పాడాడు. ఒక్క దేశం ఒక్క పాయింటు ఇవ్వలేదు. కొత్త మార్కుల పద్ధతి వచ్చాక మొదటి గుండు సున్నా అదే. మనమైతే ఎయిర్‌పోర్టు నుంచి మొహం దాచుకుని వచ్చేవాళ్లం. ఆయన నార్వేలో ఇంకా పెద్ద స్టార్ అయిపోయాడు, పాట సూపర్ హిట్టు, తర్వాత ఒక ఆల్బమ్‌కి 'ఈ ఏడాది ఓడినవాడు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. మళ్లీ 1982లో, 83లో నార్వే ఆయన్నే పంపింది. ఓడిపోవడానికి కూడా ఒక దర్జా కావాలి.

నార్వే పక్కనే ఫిన్లాండ్. వీళ్లది ఇంకో కథ. 1961 నుంచి పాడుతూనే ఉన్నారు, ఎప్పుడూ కిందే. బాగా చేశాం అనుకున్న ఏడు ఆరో స్థానం. చివరికి విసిగిపోయి 2006లో ఏథెన్స్‌కి రాక్షసులని పంపారు. మాట వరసకి కాదు, నిజంగానే రాక్షసులు. లోర్డి అనే హెవీ మెటల్ బృందం. కోరలు, కొమ్ములు, మొహాన రబ్బరు మాస్కులు, రెక్కలు విప్పుకుంటూ నిప్పుల మధ్య నిలబడి హల్లెలూయా అని అరిచారు. పోటీకి ముందు గ్రీసులో కొందరు ఇది సైతాను పూజ, రానివ్వొద్దన్నారు. 292 పాయింట్లతో గెలిచారు. నలభై అయిదేళ్ల ఎదురుచూపు! ఆ వారం హెల్సింకి మార్కెట్ మైదానంలో ఎనభై వేలమంది దాకా గుమిగూడి ఆ పాట కోరస్‌గా పాడారు. ఆ బృందం నాయకుడి సొంత ఊళ్లో ఒక కూడలికి వాళ్ల పేరు పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇది కాదు. ఒక పత్రిక ఆయన మాస్కు లేని ఫోటో అచ్చేసింది. జనం పత్రిక మీద తిరగబడ్డారు. మా రాక్షసుడి మొహం మాకు చూపించడానికి నువ్వెవరు అని! పత్రిక క్షమాపణ చెప్పుకుంది. మన యక్షగానంలో వేషం మీద ఉన్నవాణ్ని అసలు పేరుతో పిలిచి చూడండి, పెద్దలు ఊరుకోరు కదా, అలాంటిది.

మరుసటి ఏడాది ఉక్రెయిన్ వేర్కా సెర్ద్యూచ్కాని పంపింది. ఆంద్రీ దనిల్కో అనే నటుడు వేసే ఆడవేషం, మొదట్లో ఈ పాత్ర రైలు పెట్టెలో టికెట్లు చూసి, టీ ఇచ్చే నడివయసు ఆడమనిషి. నోటికి హద్దు లేదు, ఒంటి నిండా వెండి రేకు, నెత్తిన పెద్ద నక్షత్రం. ఒక్క పాటలో నాలుగు భాషలు కలిపి కొట్టింది. మధ్యలో 'లాషా తుంబాయ్' అనే మాట వస్తుంది. మంగోలియన్‌లో వెన్న చిలకడం అని అర్థం అన్నారు, అలాంటి మాట మంగోలియన్‌లో లేదని తేలింది, రష్యావాళ్లకి అది రష్యా గుడ్‌బై అని వినబడింది, గొడవ. రెండో స్థానం వచ్చింది. ఆ ఏడు గెలిచిన సెర్బియా అమ్మాయి మరియా షెరిఫోవిచ్ మామూలు కోటు, కళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ప్రార్థన లాంటి పాట పాడింది. చాలా మంచి పాట. అయినా ఇవాళ ఏ పెళ్లిలోనో డీజే వేసేది మాత్రం వేర్కా పాటే.

వేషాలు గెలిచిన సందర్భాలూ, నిజాయితీ గెలిచిన సందర్భాలూ రెండూ ఉన్నాయి. ఒక్కోసారి ఏది ఏదో తేల్చుకోలేం. 2014లో ఆస్ట్రియా తరఫున కొంచితా వుర్స్ట్ పాడినప్పుడు గడ్డం ఉన్న ఆడవేషం అని రష్యాలో, బెలారుస్‌లో ప్రసారం ఆపమని సంతకాలు సేకరించారు. పాట చూస్తే ఒక్క గెంతు లేదు, ఒక్క జోకు లేదు. బంగారు గౌనులో కదలకుండా నిలబడి మూడు నిమిషాలు గొంతుతోనే లాక్కెళ్లింది. అంతకు పదహారేళ్ల ముందే ఇజ్రాయెల్ నుంచి డానా ఇంటర్నేషనల్ అనే ట్రాన్స్‌జెండర్ గాయని గెలిచింది. ఆవిణ్ని పంపొద్దని సొంత దేశంలోనే ఛాందసులు గొడవ చేశారు. ఈ రెండు విజయాల గురించి విడిగా ఒక సాయంత్రం మాట్లాడుకోవాలి, ఇవాళ టైము చాలదు.

2016 లెక్క మాత్రం విని నవ్వుకోండి. అప్పటికి సగం మార్కులు సంగీతం తెలిసిన జ్యూరీవి, సగం జనం ఫోన్లవి. జ్యూరీ మొదటి స్థానం ఆస్ట్రేలియాకి ఇచ్చింది. ఆస్ట్రేలియా యూరప్‌లో ఎందుకుందని అడక్కండి, అక్కడ దశాబ్దాలుగా ఈ పోటీని పొద్దున్నే లేచి చూస్తున్నారని 2015లో పిలిచారు, వాళ్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నారు. జనం ఓట్లలో మొదటి స్థానం రష్యాది. రెండింట్లోనూ రెండో స్థానంలో ఉన్న ఉక్రెయిన్ గెలిచింది! జమాలా అనే గాయని, స్టాలిన్ కాలంలో క్రిమియా తాతార్లని ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి తరిమేసిన సంగతి, తన ముత్తవ్వ అనుభవం, పాట చేసింది. పాట పేరు ఆ సంవత్సరమే, 1944.

గొరిల్లా ఏదండీ అని అడుగుతున్నారు అటు నుంచి. వస్తున్నా.

2017, కీవ్. ఇటలీ నుంచి ఫ్రాంచెస్కో గబ్బానీ, పక్కన డాన్సు చేస్తూ గొరిల్లా వేషం వేసిన మనిషి. ఇది మనకి బాగా తగిలే పాట, ఎందుకంటే ఇందులో కర్మ, నమస్తే, నిర్వాణం అన్నీ ఉన్నాయి. విని మురిసిపోయేరు, మనల్ని పొగుడుతున్నాడని! కాదు. యోగా చాప కొనుక్కుని, అగరొత్తి వెలిగించి, రెండు సంస్కృతం మాటలు పలికి జ్ఞానోదయం అయిపోయిందనుకునే పడమటివాళ్ల మీద వెటకారం అది. నువ్వెంత ధ్యానం చేసినా లోపల ఉన్నది బట్టలు లేని కోతేనయ్యా అంటాడు, అందుకే ఆ గొరిల్లా. ఇంత ఆలోచన ఉన్న పాట ఆ వేదిక మీద అరుదు. పందేలు కాసేవాళ్లు చాలామంది ఇదే గెలుస్తుందన్నారు. ఆరో స్థానం. పాట ఇటాలియన్‌లో ఉంది, వెటకారం ఎవరికీ అందలేదు, అందింది గొరిల్లా ఒక్కటే. వేషంలో ఉన్న చిక్కు ఇదే, అది మాటని మోసుకుపోవాలి గానీ మింగెయ్యకూడదు.

అదే వేదిక మీద పోర్చుగల్ నుంచి సల్వదోర్ సోబ్రల్. వదులు కోటు, చెదిరిన జుట్టు. గుండె జబ్బు, బాగా లేక మొదటి రిహార్సళ్లకి రాలేకపోతే పాట రాసిన అక్క లూయిజానే ఆయన బదులు నిలబడి పాడింది. పెద్ద స్టేజీ వద్దన్నాడు, జనం మధ్యలో ఉన్న చిన్న గుండ్రటి అరుగు మీదికి వచ్చాడు. నిప్పులు లేవు, డాన్సర్లు లేరు. కళ్లు మూసుకుని, చేతులు గాల్లో ఏదో వెతుక్కుంటున్నట్టు ఆడిస్తూ పోర్చుగీసులో పాడాడు. నువ్వు ప్రేమించలేకపోతే మనిద్దరి కోసం నేనే ప్రేమిస్తాలే అని సారాంశం. అక్కడ కూడా భాష ఎవరికీ అర్థం కాలేదు. అయినా 758 పాయింట్లు. అంతకుముందు ఎవరికీ అన్ని రాలేదు. 1964 నుంచి పాడుతున్న పోర్చుగల్‌కి అదే మొదటి గెలుపు. అంత హోరులో అందరూ అరుస్తుంటే, గుసగుసగా మాట్లాడినవాడి వైపే అందరి చెవులూ తిరిగాయి. కప్పు తీసుకుంటూ సంగీతమంటే బాణాసంచా కాదు అని ఒక చురక వేశాడు, అది పక్క పోటీదారులకి కాస్త గుచ్చుకుంది, నాకూ కొంచెం ఎక్కువనిపించింది. బామ్మల పొయ్యి బాణాసంచా కాదుగా. ఆ డిసెంబరులో ఆయనకి గుండె మార్పిడి జరిగింది, తర్వాతి మేలో లిస్బన్‌లో జరిగిన ఫైనల్‌కి వచ్చి మళ్లీ పాడాడు.

టైమెంతయింది? ఇంకో పది నిమిషాలు. అయితే రెండే చెబుతాను.

2022 ట్యూరిన్‌లో ఉక్రెయిన్ గెలిచిన సంగతి అప్పట్లో పేపర్లలో వచ్చింది, యుద్ధం మొదలైన మూడు నెలలకి, అమ్మ మీద పాట. నేను చెప్పబోయేది సెర్బియా గాయని కోన్‌స్ట్రక్తా గురించి. తెల్లబట్టలు వేసుకుని కుర్చీలో కూర్చుంది, ముందు నీళ్ల గిన్నె. చేతులు కడుక్కుంటూ పాడింది. చుట్టూ తువాళ్లు పట్టుకుని ఆయాలలాగా కొందరు. బ్రిటన్ రాజకుటుంబం కోడలు మేఘన్ మార్కెల్ జుట్టు అంత ఆరోగ్యంగా ఉండటం వెనక రహస్యమేమిటి అని మొదలుపెడుతుంది. ఇదేం పిచ్చి అనుకుంటామా, లోపల ఉన్నది ఏమిటంటే, కళాకారిణి ఆరోగ్యంగా ఉండితీరాలి, ఎందుకంటే ఆవిడకి ఆరోగ్య బీమా లేదు. నాకు వెంటనే మన సురభి నాటకాలవాళ్లు, హరికథలవాళ్లు గుర్తొచ్చారు. కాలు విరిగితే ప్రోగ్రాం పోతుంది, ప్రోగ్రాం పోతే కాలు బాగుచేయించుకునే డబ్బు రాదు. గొరిల్లా మింగేసిన మాటని ఈ నీళ్ల గిన్నె మోసుకుపోయింది, అయిదో స్థానం వచ్చింది.

రెండోది 2023, లివర్‌పూల్. ఫిన్లాండ్ నుంచి క్యారియా. గుండ్రటి గిన్నె క్రాఫు, చొక్కా లేదు, మెరిసే ఆకుపచ్చ చేతులు మాత్రం తొడుక్కున్నాడు, ఉబ్బిన బుడగల్లా. ఒక చెక్కపెట్టెని బద్దలుకొట్టుకుని బయటికొస్తాడు. వారమంతా పనిచేసి శుక్రవారం తాగి చిందులేసే మొహమాటస్తుడి పాట, పూర్తిగా ఫిన్నిష్‌లో, మధ్యలో చ చ చ. జనం ఓట్లలో 376, ఎవరూ దరిదాపుల్లోకి రాలేదు. జ్యూరీ మాత్రం 340 పాయింట్లు లోరీన్‌కి పోసింది. అవును, నేను మొదటి రాత్రి చూసిన ఆ లోరీనే, పదకొండేళ్ల తర్వాత మళ్లీ. మొత్తం కలిపితే 583, 526. ఆవిడ గెలిచింది, రెండుసార్లు గెలిచిన మొదటి ఆడమనిషి. ఆవిడకి మార్కులు ప్రకటిస్తుంటే హాలు హాలంతా చ చ చ అని అరిచింది. ఆ రాత్రి నేను హైదరాబాద్‌లో, తెల్లవారుజామున, లాప్‌టాప్ ముందు. ఇంటావిడకి వీడియో కాల్ చేశాను. మీ దేశమే గెలిచింది కదా అన్నాను. ఆవిడ కాగితం చూపించింది. ఫిన్లాండ్‌కి పదికి పది వేసి ఉంది.

పోటీలో లేని దేశాలవాళ్లు కూడా 2023 నుంచి ఆన్‌లైన్‌లో ఓటెయ్యొచ్చు, మిగతా ప్రపంచం అంతా కలిపి ఒక దేశం కింద లెక్క. కార్డు గీకి డబ్బు కట్టాలి. అంత ఖర్చెందుకని మా ఆవిడ అంటుంది.

ఏం తమ్ముడూ, బొమ్మ వచ్చిందా? వచ్చింది, వచ్చింది. లైట్లు ఆపండి. ముందు బామ్మలది వెయ్యి, గొరిల్లా తర్వాత. మూడు నిమిషాలే మాస్టారూ, కాఫీ అది అయ్యాక తాగుదురు గాని. పొయ్యిలోంచి రొట్టెలు తీసే దగ్గర చూడండి, ఆ చివర ఉన్న పొట్టి బామ్మని.